పునాదికి ముందు లెక్క
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



మన సంఘము హైదరాబాదులో బాలికల వసతిగృహమును గట్టింప సంకల్పించినది. శంకుస్థాపనకు ముందే ఒక్క మాట విన్నవింపగోరి మేమీ వేదిక నెక్కితిమి. దాతలలో కొందరు భవనముయొక్క పొడవైన ముఖము పడమటి రాజమార్గమువైపున నుండిన శోభించునని తలంచుచున్నారు. శోభ వలదని మేమనుట లేదు. వేసవిలో ఆ గదులయందు చదువుకొనవలసిన బాలికల గతి యేమని మా ప్రశ్న.

హైదరాబాదు భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు 17 అంశల దూరమున నున్నది. కావున వేసవి మధ్యాహ్నమున సూర్యుడు దాదాపు నడినెత్తిన నుండును. దక్షిణపు కిటికీకి చిన్న సజ్జ చాలును. సాయంకాలమున నట్లు కాదు. క్రుంగుచున్న సూర్యుని కిరణములు సజ్జ క్రిందుగా దూరి పడమటి గదులను గాల్చును. పిదప వానిని యంత్రములతో చల్లబఱచుటకు ఏటేట ధనము వెచ్చింపవలసినదే.

ఈ లాభనష్టములను ముందే గణించు సాధనము నేడు గలదు. దానిని బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్ అందురు. 1975లో అమెరికాలో చార్లెస్ ఈస్ట్‌మన్ పండితుడు ప్రకటించిన వ్యాసము దీని మూలములలో నొకటి. ఇందు గోడ వట్టి గీత కాదు. దాని మందము, ఇటుక జాతి, వేడిని ప్రసరింపజేయు గుణము అన్నియు కంప్యూటరులో జేరియుండును. ఆ నమూనాకు ఊరి శీతోష్ణస్థితి వివరములు జతపఱచి ఎనర్జీప్లస్ వంటి గణనసాధనమున కిచ్చినచో, సంవత్సరమందలి 8,760 గంటలకును లెక్క తేలును. భవనమును త్రిప్పిన నేమగును, పైకప్పునకు తెల్లపూత వేసిన నేమగును అని ఒక్కొక్కటే మార్చి పోల్చవచ్చును.

తొలిదశలో తలుపు గొళ్లెముల వివరము లక్కఱలేదు. ఆకారము, దిక్కు, కిటికీల పరిమాణము, గోడల జాతి చాలును. అయితే నమూనా సర్వజ్ఞము కాదు. ఎందఱుందురు, ఏ వేళ కిటికీలు తెఱతురు అను ఊహలు తప్పిన లెక్కయు తప్పును. ఏది మేలో పోల్చుటకే దానిని వాడవలెను.

2018 నాటి ఎకో నివాస్ సంహిత, శీతలప్రాంతములు తప్ప తక్కినచోట్ల నివాసగృహములలో గోడలు, కిటికీలద్వారా చొచ్చు వేడి చదరపు మీటరునకు 15 వాట్లకు మించరాదని విధించినది. ఆ కొలతను మనమును ఆదర్శముగా గైకొందము.

కాగితముపై భవనమును త్రిప్పుటకు వ్యయ మత్యల్పము. పునాది పడినపిదప త్రిప్పుట యసాధ్యము. కావున రెండుమూడు నమూనాలను లెక్కలతో తెప్పించి, సభ్యులు చూచినపిమ్మటనే ముహూర్తము నిశ్చయింప బ్రార్థించుచున్నాము. పడమట ద్వారతోరణమును, దాతల శిలాఫలకమును నిలుపుదము. గదులు మాత్రము ఉత్తరదక్షిణములకు దెఱచుకొనుగాక!