ఎడ్లజతతో ఒక ఏడు

గుఱ్ఱముతో కలసి పోటీలకు సిద్ధమగు యువకుల సాధనను గూర్చి ఒక ప్రసంగము చేయవలెనని మాకు పని అప్పగించిరి. ఈవెంటింగ్ అని ఆ క్రీడకు పేరు. అందులో ఒకే రౌతు, ఒకే గుఱ్ఱము మూడు పరీక్షలకు నిలువవలెను. మొదట చదునైన ఆవరణములో రౌతు సంజ్ఞను గ్రహించి గుఱ్ఱము అడుగు తప్పక నడువవలెను. పిదప పొలములు, నీటిగుంటలు, దుంగలు దాటుచు పరుగిడవలెను. చివరకు, అలసిన ఆ గుఱ్ఱమే అడ్డుకమ్ములను పడవేయక దూకవలెను. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలయందు రఘువీర్ సింగ్ షహజాదా అను గుఱ్ఱముపై ఈ పోటీలో బంగారు పతకము గెలిచినాడు. 2018లో జకార్తాయందు బెంగుళూరు యువకుడు ఫవాద్ మీర్జా రజత పతకము పొందినాడు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో అతడే ఇరువది మూడవ స్థానమున నిలిచినాడు.

ఇదంతయు వినుటకు బాగుగనే యున్నది. కాని మా శ్రోతలలో గుఱ్ఱమునకు జీను వేసినవారు ఎందఱుందురు? పల్నాటిలో గుఱ్ఱమేది? ఈ ఆలోచనతోనే నరసరావుపేటలో బస్సు మారి, ఒక శ్రావణమాసపు సాయంకాలమున రొంపిచెర్లలో దిగితిమి. చిత్తూరు సీమలో కూడ రొంపిచెర్ల యను ఊరు కలదు. మేము చెప్పునది 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలోని రొంపిచెర్లను గూర్చి. రొంపి యనగా బురద. పేరెట్లు వచ్చినను, ఆ దినమున వాన వెలిసిన నల్లరేగడిలో మా చెప్పులు దిగబడిన తీరు చూచిన పిదప ఆ పేరును గూర్చి మేము ఎవరిని ప్రశ్నింపలేదు.

ఆ బురదలోనే మాకు కావలసిన గుఱ్ఱము దొరికినది. అది గుఱ్ఱము కాదు, ఒంగోలు గిత్తల జత. వాటిని తోలుకొని వచ్చుచున్న యువకునికి ఇరువది యొక్క ఏండ్లుండును. పట్టణములో డిగ్రీ చదువుచున్నాడు. తన పేరు రేడియోలో చెప్పవద్దని కోరినాడు. ఎడ్ల పేర్లు మాత్రము చెప్పవచ్చుననెను. వలపటిది రాముడు, దాపటిది భీముడు. కాడికి కుడివైపున నడచునది వలపటి ఎద్దు, ఎడమవైపున నడచునది దాపటి ఎద్దు అని పట్టణపు శ్రోతలకొఱకు చెప్పుచున్నాము. రామునికి తొందర హెచ్చు. భీముడు నిదానస్థుడు, కాని ఒకసారి మెడ వంచినచో వెనుకకు తగ్గడు.

బండలాగుడు పోటీని చూడనివారికి రెండు మాటలు. క్వింటాళ్ళ లెక్కన తూగు రాతిబండను గొలుసుతో కాడికి కట్టుదురు. చక్రములుండవు. నిర్ణీతమైన నిమిషములలో ఏ జత ఆ బండను ఎంత దూరము ఈడ్చునో దానిని అడుగులలోను అంగుళములలోను కొలిచి బహుమతులిత్తురు. ఏ ఎద్దు ఏ తరగతికి చెందునో దంతములు నిర్ణయించును. పశువునకు ముందుపండ్లు క్రింది దవడకే యుండును, పైన గట్టి చిగురు మాత్రమే. పాలపండ్లు ఊడి మొదటి జత గట్టిపండ్లు రెండు రెండున్నర ఏండ్లకు వచ్చును, రెండవ జత ఇంచుమించు మూడవ ఏట. ఇట్లు పాలపండ్ల తరగతి, రెండు పండ్లు, నాలుగు పండ్లు, ఆరు పండ్లు, ఆపైన పెద్ద ఎడ్లు. తరగతి పెరిగిన కొలది బండ బరువు పెరుగును. జనన పత్రములు లేని పశువులకు ఇంతకంటె నమ్మదగిన లెక్క మఱియొకటి లేదు. ఈ కథలో కష్టము వచ్చినదియు ఆ లెక్కవలననే.

ఆ శ్రావణమునకు రాముడును భీముడును రెండు పండ్ల జత. మఱునాడు తెల్లవారుజామున నాలుగు గంటలకే మమ్ములను లేపినారు. మొదటి గంట కేవలము నడక. కాడి లేదు, బరువు లేదు, ముకుతాడు పట్టుకొని యువకుడు ముందు, ఎడ్లు వెనుక, మేము ఎంతో వెనుక. పిదప కాలువలో ఈత. సాగరు కుడికాలువకు 1967లో నీరు వచ్చిన నాటినుండి ఈ ప్రాంతపు పైరుతీరు మారినది. అట్టి నీటిలో ఎడ్లకు ఈత నేర్పుట కూడ పెరిగిన భాగ్యములలో ఒకటి యని యువకుని తాతగారు నవ్వుచు చెప్పిరి. ఈతవలన కీళ్ళపై భారము పడక ఊపిరి పెరుగునట. ఇంటికి వచ్చిన పిదప ఉడికించిన ఉలవలు, పత్తిగింజలు, తవుడు, జొన్నచొప్ప. ఉలవలకు ఆంగ్లమున గుఱ్ఱపు పప్పు అని అర్థమిచ్చు పేరు కలదని మేము చెప్పగా, తాతగారు ఆశ్చర్యపడి, "మా ఎద్దుల తిండి గుర్రాలకు పెట్టి పేరు వాళ్ళదిగా చేసుకున్నారా!" అనిరి.

బండ జోలికి ఇంకను పోలేదు. ఆశ్వయుజము వఱకు ఖాళీ కాడితో నడక, పిదప తుమ్మదుంగ, పిదప చిన్నబండ. ఈ నెమ్మదికి కారణమున్నది. నిలిచియున్న బండను కదలించుటకు కావలసిన బలము, కదలుచున్న బండను నడుపుటకు కావలసిన బలముకంటె ఎక్కువ. ఒక ఎద్దు ముందుగా లాగి, రెండవది అరక్షణము ఆలస్యము చేసినచో మొదటిదాని మెడపై మొత్తము భారము పడును, బండయు కదలదు. రెండును ఒకే క్షణమున మూపురము వంచవలెను. దీనికి బలము చాలదు, వినికిడి కావలెను. మా యువకుడు నాలుకతో ఒక చిన్న చప్పుడు చేయును. ఆ చప్పుడునకు రాముడు ఆగవలెను, భీముడు మేలుకొనవలెను. ఈ రెండు పనులు ఒక్క చప్పుడుతో నేర్పుటకు అతనికి మూడు నెలలు పట్టినది. కఱ్ఱ చేత పట్టగా మేము చూడలేదు.

కఱ్ఱ మాట వచ్చినది గనుక దానిని దాటిపోరాదు. పందెములలో ఎడ్లను హింసించుట లేదని చెప్పినచో మేము అసత్యమాడినవారమగుదుము. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పందెములను నిషేధించినది. పిమ్మట తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రములు చేసికొన్న చట్ట సవరణలను 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనము సమర్థించినది. వాదము న్యాయస్థానములో ముగిసినను బరిలో ముగియలేదు. మఱియొక వైపు కూడ చూడవలెను. దుక్కి ట్రాక్టరుకు పోయినది, బండి లారీకి పోయినది. ఇక ఇంత మేత తిను గిత్తను రైతు ఏల పెంచును? గుండ్లకమ్మ పరిసరముల పుట్టిన ఈ జాతి సముద్రము దాటి బ్రెజిలు దేశములో నెల్లూరు పేరుమీద నెలోర్ అని పిలువబడుచు, అచటి పశుసంపదలో అధికభాగమునకు మూలమైనది. 1960వ దశకపు తొలినాళ్ళలో ఒంగోలు దగ్గరి కరవదినుండి పోయిన గిత్త ఊరిపేరుతోనే అచట ప్రసిద్ధి కెక్కినది. అచట మాంసముకొఱకు, ఇచట పందెముకొఱకు, జాతి నిలుచుచున్నది. దుక్కికొఱకు నిలిచియుండిన బాగుండెడిదని మాకు తోచును. కాని మాకు తోచిన దానితో పశువునకు మేత దొరకదు.

సంక్రాంతికి మరల పోయితిమి. కనుమనాడు ఎడ్ల కొమ్ములకు రంగులు, మెడలో గంటలు. మఱునాడు దాపునున్న ఊరిలో పోటీ. పది నిమిషముల గడువు. బరికి రెండు కొసల జెండాలు. కొస చేరిన జతను మలిపి వెనుకకు నడుపవలెను, పందెము పోవునది ఆ మలుపులోనే. రాముడు రెండవ మలుపున తొందరపడెను. యువకుడు నాలుకతో చప్పుడు చేసెను. అంత రొదలో, మైకు అఱపులలో, ఈలలలో ఆ చిన్న శబ్దము ఎట్లు వినబడెనో గాని రాముడు అడుగు నిలిపెను, భీముడు వచ్చి కలిసెను. రెండవ బహుమతి వచ్చినది. మా శబ్దయంత్రములో ఆ చప్పుడు పడలేదు, ఈలలు మాత్రము పడినవి.

ఇంతలో మాఘమాసము. భీముడు చొప్పను నమలుట మానెను. నోరు తెఱచి చూడగా రెండవ జత పండ్లు చిగురు చీల్చుకొని వచ్చుచున్నవి. రామునికి ఇంకను రెండే. జతలో ఏ ఎద్దుకు పండ్లు ఎక్కువయుండునో దానినిబట్టి తరగతి నిర్ణయింతురు. శివరాత్రి తిరునాళ్ళ తరువాత జరుగు పెద్ద పోటీకి ఈ జత నాలుగు పండ్ల తరగతిలో నిలువవలెను. బండ పెద్దది, గడువు పదిహేను నిమిషములు, ఎదుట నిలుచునవి రెండు వైపుల నాలుగు పండ్లు నిండిన జతలు. పైగా భీముడు మేత తగ్గి చిక్కియున్నాడు.

ఆ రాత్రి అరుగుమీద తాతకును మనుమనికిని జరిగిన వాదమునకు మేము సాక్షులము.

"ఒరే అబ్బాయ్, పన్ను దిగేటప్పుడు పశువు నోట్లో కొలిమి ఉంటదిరా. ఈ ఏడు ఆపు."

"సంక్రాంతికి రెండో బహుమతి కొట్టాం తాతయ్యా. ఇప్పుడు ఇంట్లో కూర్చుంటే భయపడ్డాం అనుకుంటారు."

"అనుకోనీ. ఎద్దు అనుకోదుగా."

యువకుడు మావైపు తిరిగి, "అయ్యా, మీరే చెప్పండి" అనెను. మేము రేడియోవారము, తీర్పరులము కామని తప్పించుకొంటిమి. తప్పించుకొనుట మాకు అలవాటైన విద్యయే. చివరకు తాతగారే దిగివచ్చిరి. పోటీకి పోవచ్చును, కాని కాడి ఎప్పుడు దించవలెనో ఆ నిర్ణయము మనుమనిదే, ప్రక్కన నిలుచు స్నేహితులది కాదు. ఇది అనుమతియో శిక్షయో మాకు ఆ రాత్రి అర్థము కాలేదు.

కోటప్పకొండ తిరునాళ్ళను గూర్చి వేఱుగ చెప్పవలసినది చాల కలదు. త్రికూటేశ్వరుని కొండ దిగువన, తాటిచెట్టును మించిన ఎత్తున విద్యుద్దీపముల ప్రభలు వరుసగా నిలుచు దృశ్యము చూచినవారు మఱువరు. ఒకప్పుడు ఆ ప్రభలను ఎడ్లే లాగెడివి. నేటి ప్రసంగమునకు ఇంతవఱకే. తిరునాళ్ళ సందడి తగ్గిన కొన్ని దినములకు పోటీ జరిగినది.

బరిలో దిగుటకు ముందు పెద్దలు ఎడ్ల నోళ్ళు తెఱచి పండ్లు లెక్కించిరి. ఈవెంటింగులో కూడ పశువైద్యుడు గుఱ్ఱమును నడిపించి చూచిగాని పోటీకి అనుమతింపడు. అచట కాళ్ళు, ఇచట పండ్లు. పది జతలలో మాది ఆఱవది. మాది యని అప్పటికి అనుచున్నాము, విలేకరికి తగని మాటయే.

మొదటి ఐదు నిమిషములు చక్కగా నడచినవి. బండ ఒకసారియు ఆగలేదు. ఏడవ నిమిషమున మూడవ మలుపు. భీముని నోట నురుగు, అందులో చిగుళ్ళనుండి వచ్చిన నెత్తురు చాఱ. మలుపులో బండ నిలిచినది. యువకుడు చప్పుడు చేసెను. రాముడు ఆగినాడు. భీముడు మెడ వంచినాడు, అతడు ఎప్పుడును వంచును. బండ జానెడు కదలి మరల నిలిచినది. భీముడు ముందరి మోకాళ్ళమీద పడెను, లేచెను, మరల మెడ వంచెను. ప్రక్కనున్న స్నేహితుడొకడు చెర్నాకోల ఎత్తినాడు. జనము "కొట్టు, కొట్టు" అని అఱచుచున్నారు. ఇంకను ఏడు నిమిషములకు పైగా మిగిలియున్నది. ఇంకొక్క మలుపు దాటినచో మూడవ బహుమతి దక్కు దూరమని మైకులో చెప్పుచున్నారు.

యువకుడు ఆ చెర్నాకోలను పట్టుకొని క్రిందికి దించి, గొలుసు విప్పెను. జనములో కొందఱు నవ్విరి, కొందఱు తిట్టిరి. అతడు ఎవ్వరివైపు చూడలేదు. కాడి తీసి, భీముని గంగడోలు నిమురుచు, రెండింటిని బరి చివరనున్న చింతచెట్టు నీడకు తీసికొని పోయెను. పదింటిలో ఎనిమిదవ స్థానము.

కొంతసేపటికి మేము దగ్గఱకు పోయి ఏల విప్పితివని అడిగితిమి. యంత్రము తెఱచియే యున్నది. అతడు చాలసేపు మాటలాడలేదు.

"నిమిషాలు మిగిలినయ్యి గానీ ఎద్దుకు ఊపిరి మిగల్లేదండి. కొడితే లాగేవాడే. వాడు లాగుతాడని తెలిసే కొట్టలేదు."

తాతగారు మనుమని ఏమియు అనలేదు. బకెట్టుతో నీళ్ళు తెచ్చి ముందు భీమునికి, పిదప రామునికి పెట్టి, చివరకు తువ్వాలు తడిపి మనుమని చేతికిచ్చిరి. ఇంటికి పోవునప్పుడు వ్యాపారి యొకడు దారిలో ఆపి భీమునికి వెల కట్టెను. ఓడిన ఎద్దునకు అంత వెల ఏల యని మేము విస్తుపోతిమి. పడి లేచి తనంత తానుగ మెడ వంచిన ఎద్దు గనుకనట. యువకుడు అమ్మలేదు.

వైశాఖమున నాలుగవసారి పోయితిమి. ఎండకు ఊరు నిర్మానుష్యముగ నున్నది. డిగ్రీ పరీక్షలు ముగిసి యువకుడు ఇంటనే యున్నాడు. ఎడ్లకు సాధన లేదు, ఉదయము ఈత, పగలు నీడ, అంతే. భీముడు ఒళ్ళు పట్టినాడు. మోకాళ్ళ గాయములపై వెండ్రుకలు మరల మొలచినవి. మమ్ములను చూడగనే యువకుడు రాముని దవడ పట్టి నోరు తెఱచి చూపినాడు. క్రింది చిగురున రెండు క్రొత్త పండ్లు, బియ్యపుగింజలంత. రాముడును చొప్ప మాని రెండు దినములైనదట. పొయ్యిమీద ఉలవలు మెత్తగా ఉడుకుచున్నవి.