జన్మతః వచ్చిన ఓటు: బ్రిటన్ ప్రభువుల సభలో వారసత్వ సభ్యుల ఓటింగ్ చరిత్ర

(స్మారకోపన్యాస పాఠం)

బ్రిటిష్ పార్లమెంటులో ఎగువ సభ హౌస్ ఆఫ్ లార్డ్స్, అంటే ప్రభువుల సభ. అందులోని వారసత్వ సభ్యుడికి ఓటు హక్కు తండ్రి బిరుదుతో పాటే సంక్రమించేది. అతన్ని ఎవరూ ఎన్నుకోలేదు కాబట్టి ఎవరూ ఓడించలేకపోయేవారు. నియోజకవర్గం ఉండేది కాదు. జనం ముందు నిలబడి, చేసిన పనికి లెక్క చెప్పవలసిన అగత్యమూ ఉండేది కాదు. అటువంటి సభ్యుడు ఏ బిల్లు వచ్చినప్పుడు ఎటు నిలిచాడో తెలిపే సాక్ష్యం సభ రాసిపెట్టిన ఓట్ల లెక్క. ఎన్నికల తీర్పు లేని చోట ప్రజలకు మిగిలిన ఆధారం అదొక్కటే. అందుకే ఆ లెక్కల చరిత్ర ప్రజాస్వామ్య చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయం. భారతదేశానికి సంబంధించిన ఒక ఘట్టం కూడా అందులో ఉంది. ఈ ఉపన్యాసం దాని దగ్గర కొంత ఎక్కువసేపు ఆగుతుంది.

ఓటు వేసే తీరు

సభలో ఓట్లు లెక్కించడాన్ని డివిజన్ అంటారు. ప్రశ్నను సభ ముందు పెట్టినప్పుడు ఒప్పుకునేవారు ‘కంటెంట్’ అనీ, ఒప్పుకోనివారు ‘నాట్ కంటెంట్’ అనీ పలుకుతారు. గొంతులతో విషయం తేలకపోతే గంటలు మోగుతాయి. సభ్యులు రెండుగా చీలి రెండు లాబీల గుండా నడుస్తారు. తెల్లని కర్రలు పట్టుకున్న టెల్లర్లు ఒక్కొక్కరినీ లెక్కించేవారు, గుమస్తాలు పేర్లు రాసుకునేవారు. పేరు పేరునా జాబితాలను అధికారికంగా అచ్చువేయడం 1857లో మొదలైంది. పాత జాబితాల్లో పేర్లు హోదాను బట్టి వరుసగా కనిపిస్తాయి. ముందు డ్యూకులు, తర్వాత మార్క్విస్‌లు, ఎర్ల్‌లు, విస్కౌంట్లు, ఆపైన బిషప్పులు, చివరికి బ్యారన్లు.

అంతకుముందు లెక్క ఎంత నమ్మదగినదో చెప్పడానికి ఒక పాత కథ ఉంది. వ్యక్తిస్వేచ్ఛకు కాపుగా నిలిచిన హేబియస్ కార్పస్ చట్టం 1679లో ప్రభువుల సభ ముందుకు వచ్చింది. ఆనాటి సంగతులు రాసిన బిషప్ బర్నెట్ చెప్పిన ప్రకారం, ఇద్దరు టెల్లర్లలో ఒకరైన లార్డ్ గ్రే భారీకాయుడైన ఒక ప్రభువు లోపలికి రాగానే పరిహాసానికి పది మందిగా లెక్కపెట్టాడు. రెండో టెల్లర్ పరధ్యానంలో ఉండి గమనించకపోవడంతో గ్రే ఆ అంకెనే సరిదిద్దకుండా ఉంచేశాడు. కథలో నిజమెంతైనా, సభ పుస్తకంలో 57, 55 ఓట్లు నమోదై ఉన్నాయి. అంటే మొత్తం 112. ఆ రోజు హాజరు జాబితాలో ఉన్నది 107 మంది.

సభకు రాని ప్రభువు కూడా ఓటు వేయగలిగేవాడు. తన ఓటును మరో సభ్యుడి చేతికి అప్పగించే ఈ పద్ధతిని ప్రాక్సీ అనేవారు. బకింగ్‌హామ్ డ్యూక్ పదికి పైగా ప్రాక్సీలు చేతిలో పెట్టుకోవడంతో, ఒకరి దగ్గర రెండుకు మించి ఉండరాదని 1626లో సభ నియమం చేసింది. 1868లో ప్రాక్సీలే ఆగిపోయాయి. ఓడిన పక్షానికి ఇంకొక హక్కు ఉండేది. తాము ఎందుకు వ్యతిరేకించారో కారణాలతో సహా సభ చర్యల పుస్తకంలో రాసి సంతకాలు చేసే నిరసన హక్కు అది. చరిత్రకారుడికి ఓటు వెనకాల ఉన్న ఆలోచన దొరికేది ఈ నిరసన పత్రాల్లోనే.

1831: ఓటుకూ ఊరి మంటకూ మధ్య

పందొమ్మిదో శతాబ్దం మొదట్లో దిగువ సభ అయిన కామన్స్ సభ స్థానాల్లో చాలా భాగం పెద్ద భూస్వాముల గుప్పిట్లో ఉండేవి. కొద్దిపాటి ఓటర్లున్న శిథిల పట్టణాలు ఇద్దరేసి సభ్యులను పంపుతుంటే, మాంచెస్టర్ వంటి పారిశ్రామిక నగరానికి సొంత సభ్యుడే లేడు. దీన్ని సరిచేయడానికి గ్రే ప్రధానమంత్రిగా తెచ్చిన సంస్కరణ బిల్లును ప్రభువుల సభ 1831 అక్టోబరు 8న రెండో పఠనంలో 199–158 ఓట్లతో తోసిపుచ్చింది. సభలో ఉండి వ్యతిరేకించినవారు 150, ప్రాక్సీలు 49. అనుకూలంగా ఉన్నవారు 128, ప్రాక్సీలు 30. బిషప్పుల్లో 21 మంది బిల్లుకు వ్యతిరేకంగా ఓటు వేశారు.

ఆ వార్త రెండు రోజుల్లో నాటింగ్‌హామ్ చేరింది. అక్కడి కొండ మీది కోట న్యూకాజిల్ నాలుగో డ్యూక్‌ది. తన ఇష్టప్రకారం ఓటు వేయని కౌలుదారులను ఇళ్ల నుంచి వెళ్లగొట్టినవాడిగా, సంస్కరణకు బద్ధశత్రువుగా ఆయనకు పేరు. అక్టోబరు 10న జనం ఆ కోటకు నిప్పు పెట్టారు. ఆ నెలాఖరులో బ్రిస్టల్‌లో ఇంతకన్నా పెద్ద అల్లర్లు జరిగి ప్రాణాలు పోయాయి. హింసను ఎవరూ సమర్థించలేరు. అయితే ఓటుతో దించలేని పాలకుడి మీద కోపం ఏ దారి పడుతుందో ఆ నెల ఇంగ్లండు కళ్లారా చూసింది.

1832 ఏప్రిల్‌లో మార్పులతో తెచ్చిన బిల్లు 184–175తో గట్టెక్కింది. మే 7న సభ మళ్లీ అడ్డుపడింది. కొత్త ప్రభువులను సృష్టించి సభలో మెజారిటీ మార్చేందుకు రాజు ఒప్పుకోవడంతో వ్యతిరేకులు చాలామంది సభకు రావడం మానేశారు. జూన్ 4న మూడో పఠనం 106–22తో ముగిసింది. ఏప్రిల్‌లో 175గా ఉన్న వ్యతిరేక ఓట్లు జూన్‌కు 22కు పడిపోవడంలోనే ఈ సభ స్వభావం బయటపడింది. ఓడిపోవడం కన్నా తమ సంఖ్యలో కొత్తవారు కలిసిపోవడం ఆ ప్రభువులకు ఎక్కువ భయం.

1893 నుంచి 1911 దాకా

ఐర్లండుకు స్వపరిపాలన ఇచ్చే ప్రధాని గ్లాడ్‌స్టన్ బిల్లు కామన్స్‌లో నెలల తరబడి చర్చ జరిగి నెగ్గింది. 1893 సెప్టెంబరు 8న ప్రభువుల సభ దాన్ని 419–41తో కొట్టివేసింది. ఐర్లండు పట్ల భూస్వామ్య వర్గపు ఏకాభిప్రాయం అంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. ఎన్నికల్లో ఎవరు గెలిచినా ఎగువ సభలో కన్జర్వేటివులకే శాశ్వత మెజారిటీ అన్న సంగతి ఆ ఓటుతో సందేహం లేకుండా తేలిపోయింది.

1909లో ఆర్థికమంత్రి లాయిడ్ జార్జ్ బడ్జెట్ వచ్చింది. వృద్ధుల పింఛన్లకూ నౌకాదళానికీ డబ్బు కావాలి. భూమి విలువ యజమాని కష్టం లేకుండానే పెరిగితే ఆ పెరుగుదల మీద 20 శాతం పన్ను వేయాలని అందులో ఉంది. డబ్బు బిల్లులను ప్రభువులు తిరస్కరించరన్నది రెండు శతాబ్దాల ఆనవాయితీ. నవంబరు 30న 350–75 ఓట్లతో ఆ ఆనవాయితీ తెగిపోయింది. ఓటు వేసినవారిలో ఎక్కువమంది భూస్వాములే.

1910లో రెండు సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. ఆ తర్వాత వచ్చిన పార్లమెంట్ బిల్లు ప్రభువుల అధికారానికి హద్దు గీసింది. డబ్బు బిల్లును ఒక నెలకు మించి ఆపరాదు. మిగతా బిల్లులను రెండేళ్లకు మించి ఆపరాదు. అవసరమైతే వందల సంఖ్యలో కొత్త ప్రభువులను సృష్టిస్తానని అయిదో జార్జి రాజు మాట ఇచ్చాడు. 1911 ఆగస్టు 10న, లండన్ మండుటెండల్లో ఉడికిపోతున్న రోజుల్లో, బిల్లు 131–114తో నెగ్గింది. ఆ 131లో లిబరల్ ప్రభువులు 81 మంది, బిషప్పులు 13 మంది, ప్రతిపక్షం నుంచి కదిలి వచ్చినవారు 37 మంది. ఆ 37 మంది తమకు ఇష్టంలేని బిల్లుకే ఓటు వేశారు. ఇంతకన్నా పెద్ద ముప్పు తప్పించాలన్నది వారి ఉద్దేశం. మాజీ ప్రధాని రోజ్‌బరీ బిల్లుకు ఓటు వేసి, నిరసన పత్రంలోనూ సంతకం చేశాడు. సభ్యుడి ఓటూ మనసూ ఎప్పుడూ ఒకటి కావనడానికి ఇదొక ఉదాహరణ. చివరిదాకా పట్టు విడవని 114 మందిలో సెల్‌బోర్న్ ఎర్ల్ ఒకడు. ఎనిమిదేళ్ల తర్వాత భారత ప్రభుత్వ బిల్లును పరిశీలించిన సంయుక్త సంఘానికి అధ్యక్షుడయ్యింది ఈయనే.

లార్డ్ సిన్హా, 1920 జూలై 20

సత్యేంద్ర ప్రసన్న సిన్హా బెంగాల్‌లోని బీర్భూం జిల్లా రాయపూర్‌కు చెందినవాడు. వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో చోటు పొందిన తొలి భారతీయుడు. 1915 బొంబాయి కాంగ్రెసు మహాసభకు అధ్యక్షుడు. 1919లో ఆయనకు రాయపూర్ బ్యారన్‌గా వారసత్వ బిరుదు ఇచ్చి, భారత వ్యవహారాల ఉపమంత్రిని చేశారు. ప్రభువుల సభలో కూర్చున్న మొదటి భారతీయుడు ఆయన. భారత ప్రభుత్వ బిల్లును ఆ సభలో నడిపించిన బాధ్యత కూడా ఆయనదే. ఆ బిల్లు మీద సంయుక్త సంఘం ముందు వాదన వినిపించడానికి జస్టిస్ పార్టీ తరఫున లండన్ వెళ్లినవాడు తెలుగువాడైన కూర్మా వెంకటరెడ్డి నాయుడు. మద్రాసు రాష్ట్రంలో ద్వంద్వ పాలనకూ, పానగల్ రాజా మంత్రివర్గానికీ దారి వేసింది 1919 డిసెంబరు 23న రాజామోదం పొందిన ఆ చట్టమే.

మరుసటి ఏడాది జలియన్‌వాలాబాగ్ వ్యవహారం సభకు వచ్చింది. 1919 ఏప్రిల్ 13న జనరల్ డయ్యర్ జరిపించిన కాల్పుల్లో అధికారిక లెక్క ప్రకారమే 379 మంది చనిపోయారు. హంటర్ కమిటీ డయ్యర్‌ను తప్పుపట్టింది, ప్రభుత్వం అతన్ని ఉద్యోగం నుంచి తప్పించింది. 1920 జూలై 8న కామన్స్ సభ ప్రభుత్వాన్ని సమర్థించింది. ప్రభువుల సభలో మాజీ లార్డ్ చాన్సలర్ ఫిన్లే డయ్యర్‌కు అన్యాయం జరిగిందంటూ తీర్మానం పెట్టాడు. జూలై 19, 20 తేదీల్లో చర్చ జరిగింది. ప్రభుత్వం తరఫున కర్జన్, సిన్హా మాట్లాడారు. బెంగాల్‌ను విభజించిన పూర్వ వైస్రాయ్, కాంగ్రెసు పూర్వ అధ్యక్షుడు ఆ రోజు ఒకే పక్షాన ఉన్నారు. తన దేశస్థులను చంపినవాడి మీద తీసుకున్న చర్యను, ఆ దేశాన్ని ఏలుతున్న ప్రభువుల ముందు సమర్థించుకోవలసిన పరిస్థితి సిన్హాది.

ఫలితం 129–86. డయ్యర్ పక్షమే నెగ్గింది. ఆ తీర్మానానికి చట్టబలం లేదు, డయ్యర్ మళ్లీ ఉద్యోగంలోకి రాలేదు. అయినా ఆ అంకెలు భారతదేశంలో చదివినవారి మనసుల్లో దిగబడ్డాయి. పన్నెండు రోజుల తర్వాత, ఆగస్టు 1న గాంధీ సహాయ నిరాకరణ ప్రారంభించాడు. పంజాబ్ అన్యాయం ఆ ఉద్యమానికి చెప్పిన ప్రధాన కారణాల్లో ఒకటి. ఆ ఉద్యమమే 1922 నాటికి గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో పన్నుల నిరాకరణ దాకా వచ్చింది. ఆ 129 మందిలో ఎవరికీ పెదనందిపాడు రైతు ఓటరు కాడు. రైతు బతుకును శాసించిన ఓటు మాత్రం వారిదే.

సిన్హా 1928లో మరణించాడు. కొడుకు అరుణ్ కుమార్‌కు బిరుదు వచ్చినా, సభలో కూర్చునే పిలుపు పదకొండేళ్లు రాలేదు. ఆనాటి హిందూ చట్టం బహుభార్యాత్వాన్ని అనుమతించేది కాబట్టి, తల్లిదండ్రుల వివాహం ఇంగ్లండు చట్టం ప్రకారం చెల్లుతుందా అన్న ప్రశ్న లేచింది. తల్లిదండ్రులు బ్రహ్మసమాజంలో చేరారనీ, వారిది ఏకపత్నీ వివాహమేననీ ప్రభువుల హక్కుల సంఘం 1939లో నిర్ణయించాక ఆయన సభలో అడుగుపెట్టాడు. పుట్టుక మీద నిలిచిన ఓటు హక్కు, ఆ పుట్టుకకే రుజువు అడిగిన సందర్భం ఇది. స్త్రీల విషయంలో ఆ తలుపు అంతకన్నా గట్టిగా మూసుకుంది. సొంతంగా బిరుదు ఉన్న రోండా విస్కౌంటెస్ 1922లో సభా ప్రవేశం కోరితే నిరాకరించారు. వారసత్వ బిరుదున్న స్త్రీలకు ఆ హక్కు 1963లో గానీ రాలేదు.

1945 తర్వాత

1945లో లేబర్ పార్టీ ఘన విజయం సాధించినప్పుడు ప్రభువుల సభలో ఆ పార్టీకి 16 మందే సభ్యులు. ఎన్నికల ప్రణాళికలో చెప్పి గెలిచిన బిల్లును రెండో పఠనంలో తిరస్కరించరాదని కన్జర్వేటివ్ నాయకుడు క్రాన్‌బోర్న్, లేబర్ నాయకుడు అడిసన్ ఒక అవగాహనకు వచ్చారు. తర్వాత క్రాన్‌బోర్న్ సాల్స్‌బరీ మార్క్విస్ కావడంతో అది సాల్స్‌బరీ సంప్రదాయం అయింది. 1949 చట్టం బిల్లులను ఆపగల గడువును రెండేళ్ల నుంచి ఒక ఏడాదికి తగ్గించింది. 1958 చట్టం జీవితకాల సభ్యులను తెచ్చింది. 1963 చట్టం బిరుదును వదులుకునే వీలు కల్పించింది. కామన్స్‌లో ఉండాలని పట్టుబట్టిన టోనీ బెన్ అలా విస్కౌంట్ బిరుదు వదిలాడు.

రోజూ సభకు వచ్చేవారిలో జీవితకాల సభ్యుల బలం పెరిగినా, ఎప్పుడోగానీ రాని వారసత్వ సభ్యులు కీలక సమయాల్లో దిగేవారు. 1968 జూన్ 18న దక్షిణ రొడీషియాపై ఆంక్షల ఉత్తర్వును 193–184తో తిరస్కరించారు. 1988 మే 23న పోల్ టాక్స్‌ను ఆదాయ స్థోమతతో ముడిపెట్టాలన్న చెల్‌వుడ్ సవరణ 183–317తో ఓడిపోయింది. ఆ రోజు సరిగ్గా 500 మంది ఓటు వేశారు. సభలో సాధారణంగా కనిపించని ప్రభువులు ఊళ్ల నుంచి తరలివచ్చారు. ప్రభువుకూ పనివాడికీ ఒకే పన్ను అన్న ఆ పద్ధతి మీద 1990 మార్చి 31న లండన్‌లో పెద్ద అల్లర్లు చెలరేగాయి. ఆ నవంబరులో ప్రధాని థాచర్ పదవి దిగింది, 1993లో పన్నే మారిపోయింది.

1999 అక్టోబరు 26న వారసత్వ సభ్యత్వాన్ని రద్దు చేసే బిల్లును ప్రభువుల సభ 221–81తో మూడో పఠనంలో ఆమోదించింది. నవంబరు 11న అది చట్టమైంది. ఆరువందల మందికి పైగా సభ వదిలారు. రాజీ ఏర్పాటు కింద 92 మంది మిగిలారు. ఇద్దరు రాజ్యపదవుల బలంతో ఉండగా, మిగతా 90 మంది సాటి ప్రభువులు ఎన్నుకున్నవారు. ఎవరైనా మరణిస్తే ఆ గుంపులోనే ఉప ఎన్నిక జరిగేది. 2016లో లిబరల్ డెమోక్రాట్ల స్థానానికి ఏడుగురు పోటీ చేయగా ఓటర్లు ముగ్గురే. ముగ్గురి ఓట్లూ పొంది విస్కౌంట్ థర్సో తిరిగి సభకు వచ్చాడు. ఆ 92 స్థానాలనూ ఎత్తివేసే బిల్లును ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ప్రవేశపెట్టింది. నవంబరు 12న కామన్స్ దాన్ని 435–73తో ఆమోదించింది.

ఈ రికార్డు మొత్తం చదివితే మూడు సంగతులు తేలుతాయి. వారసత్వ సభ్యులు తమ వర్గ ప్రయోజనానికి దెబ్బ తగిలినప్పుడు నిండుగా హాజరయ్యారు, మిగతా రోజుల్లో పలచగా. సభ వెనక్కి తగ్గిన సందర్భాలు 1832, 1911. రెంటిలోనూ కారణం కొత్త ప్రభువులను సృష్టిస్తామన్న బెదిరింపే. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఆ ఓట్లు రాసి ఉన్నాయి కాబట్టే తర్వాతి తరాలు వాటిని చదివి, పుట్టుకతో వచ్చే ఓటు ఉండరాదన్న నిర్ణయానికి రాగలిగాయి. చట్టసభలో ఎవరు ఎటు ఓటు వేశారో పేరు పేరునా ప్రకటించడం ప్రజల హక్కు. ఏ దేశంలోనైనా, ఏ సభలోనైనా ఆ హక్కును కాపాడుకోవాలి.