కెమికల్ పీల్: ఏమి ఆశించవచ్చు, ఏమి ఆశించరాదు

(సంఘం ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ప్రభుత్వ ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని గనుక, మనవాళ్ళు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "డాక్టరుగారూ, మంగు మచ్చలకు కెమికల్ పీల్ మంచిదంటున్నారు, చేయించుకోవచ్చా?" నాకిచ్చిన ఈ కొద్ది సమయం ఆ ప్రశ్నకే కేటాయిస్తాను.

పీల్ అంటే తొక్క తీయడం. చర్మంపై ఒక ఆమ్లం పూసి, పైపొర కొలత ప్రకారం ఊడేటట్లు చేస్తారు. అడుగునుంచి కొత్త పొర వస్తుంది. ఇది నిన్న మొన్నటి విద్య కాదు. 1882లోనే పాల్ గెర్సన్ ఉన్నా అనే జర్మన్ వైద్యుడు సాలిసిలిక్ ఆమ్లం, ఫినాల్ వంటివాటి గుణాలను వివరించారు. నేడు ఎక్కువగా వాడే గ్లైకోలిక్ ఆమ్లం చెరకులో కూడా ఉంటుంది. చెరకులో ఉన్నదే కదా అని తేలికగా తీసుకోవద్దు. 70 శాతం గాఢతలో అది చర్మాన్ని కాల్చగలదు.

చికిత్సకు రెండు వారాల ముందు నుంచే డాక్టరు క్రీములు రాస్తారు. ఆస్పిరిన్ పడకపోయినా, పెదవులపై తరచు నీటిపొక్కులు వస్తున్నా, షుగరు ఉన్నా దాచకుండా చెప్పండి. వాడే మందుల చీటీ వెంట తీసుకువెళ్ళండి.

ఆ రోజున ముఖం శుభ్రం చేసి, కళ్ళకు రక్షణ కల్పించి, ఆమ్లం పూస్తారు. కొద్ది నిమిషాలు చురుకు, మంట ఉంటాయి. గ్లైకోలిక్ అయితే వంటసోడా జాతి ద్రావణంతో దాని పని ఆపుతారు. తరువాత ఒకటి రెండు రోజులు ఎరుపు, సుమారు వారం రోజులు పొట్టు రాలడం సహజం. ఆ పొట్టును గోటితో పీకరాదు. ఎండలో తిరగరాదు, సన్‌స్క్రీన్ మానరాదు.

ఒక్కసారితో పని పూర్తికాదు. రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో నాలుగైదు సార్లు చేయవలసి ఉంటుంది. మంగు పలచబడవచ్చు, ఎండ తగిలితే మళ్ళీ రావచ్చు. లోతైన ముడతలు పోవు. పుట్టుకతో వచ్చిన చామనచాయ తెలుపు కాదు, కానవసరమూ లేదు.

మన చర్మానికి ఒక స్వభావముంది. కాలినచోట నలుపెక్కుతుంది. అందుకే మనకు పైపై పీల్సే తగినవి. లోతుగా పనిచేసే ఫినాల్ పీల్ గుండె లయను కూడా దెబ్బతీయగలదు. మనవరాలి పెళ్ళి నాలుగు రోజులుందనగా ఒక పార్లరులో పీల్ చేయించుకున్న ఒక రిటైర్డు ఉపాధ్యాయిని, పెళ్ళయ్యాక బుగ్గలపై నల్లని చారలతో నా వద్దకు వచ్చారు. అవి మాయడానికి నెలలు పట్టింది. పెళ్ళి ఫోటోలలో ఆమె ఒక్కదానిలోనూ లేరు.

మరి రెండు మాటలు. మందుల షాపులో అడిగి కొనే తెల్లదనం క్రీములలో స్టెరాయిడ్ కలిసినవి ఉన్నాయి. 2018లో ప్రభుత్వం అనేక స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీపైనే అమ్మాలని నిర్ణయించింది. వాటితో పలచబడిన చర్మంపై ఆమ్లం లోతుకు దిగుతుంది. ఇంటర్నెట్‌లో గాఢమైన ఆమ్లాలు కొని ఇంట్లో పూసుకోవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024లో హెచ్చరించింది.

అన్నిటికంటే ముఖ్యమైనది చివర చెబుతున్నాను. మన వయసులో కొత్తగా వచ్చిన మచ్చ పెరుగుతున్నా, రక్తం కారుతున్నా, పుండై మానకున్నా దానికి పీల్ చేయించకండి. ముందు చర్మవైద్యునికి చూపించండి. అది కేన్సరు కావచ్చు. పైపొర తీసేస్తే గుర్తు చెరిగి, రోగం లోపల ఉండిపోతుంది.

కావున మిత్రులారా, చేయించుకోదలచినవారు అర్హతగల వైద్యుని వద్ద, తీరికగా, ఎండలు తగ్గాక చేయించుకోండి. పెన్షను డబ్బు పెట్టేముందు ఎన్నిసార్లు, ఎంత ఖర్చు, ఎంత ఫలితం అని నిస్సంకోచంగా అడగండి. అడగడం మన హక్కు.