రెండు మసాలియాలు

మధ్యధరా సముద్రతీరమున, ఫ్రాన్సు దేశమందు, మార్సేల్సు అను రేవుపట్టణము కలదు. క్రీ.పూ. 600 ప్రాంతమున గ్రీకు నావికులు దానిని నెలకొల్పిరి. ఆ దేశమునకు ద్రాక్షసాగును తెచ్చినవారు వారే. ఆనాడు దాని పేరు మసాలియా. చరిత్ర, ద్రాక్షాసవము, రాత్రివేళల వినోదము కోరి యాత్రికులు నేటికిని అచ్చటికి పోవుచుందురు.

క్రీ.శ. మొదటి శతాబ్దిలో గ్రీకు వర్తకుడొకడు వ్రాసిన 'ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్' అను గ్రంథమున మరియొక మసాలియా కలదు. అది మన కృష్ణాతీరసీమ! పేర్ల పోలిక కాకతాళీయమే. ఇచ్చట ప్రసిద్ధి మధువునకు గాదు, సన్నని నూలువస్త్రములకు.

మాది రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నము. మా పెద్దచెరువు కుతుబ్ షాహీల నాటిది. వారి ఓడరేవు మచిలీపట్నము. ఆ బంధమును తలచుకొని మేము బందరు పోయితిమి. సముద్రములు దాటి వచ్చి ఇచ్చటనే కన్నుమూసిన డచ్చివారి సమాధులను చూచితిమి.

బందరువారు మరువని రాత్రి యొకటి కలదు. 1864 నవంబరు 1వ తేది రాత్రి ఉప్పెన ఊరిపై విరుచుకుపడి, సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకొనెను. ఆ రేవునకు పూర్వవైభవము మరల రాలేదు.

చెరువు నిండినచో మా యూరికి పండుగ. ఆ నీరే పొంగినచో ఒక పట్టణమునకు ఏమగునో, తిరిగివచ్చి మా చెరువుకట్టపై నిలిచినప్పుడు మాకు తెలిసివచ్చినది.