వరుస మార్చిన గుణకారము



ఈ విషయమును తెలుగున చెప్పుట కష్టమని కొందఱు మాతో ననిరి. మేము చెప్పియే చూతుము.

రెండు మూళ్లయినను, మూడు రెండ్లయినను ఆఱేయని మన పిల్లలు ఎక్కములతోనే నేర్తురు. కాని విస్తరి వేసి వడ్డించుటయు, వడ్డించి విస్తరి వేయుటయు ఒకటి కాదు గదా! 1843లో హామిల్టన్ డబ్లిన్ నగరమున కనుగొన్న క్వాటర్నియనులు అట్టి సంఖ్యలు. సున్న తప్ప దేనితోనైనను భాగింపవచ్చును. గుణించు వరుస మార్చినచో ఫలము మాఱవచ్చును.

ఇది గీతలలోను కానవచ్చును. రెండు సరళరేఖలపై మూడేసి బిందువులుంచి అడ్డముగా కలిపినచో, ఏర్పడు మూడు ఖండన బిందువులు ఒకే రేఖపై నుండునని పాపస్ సిద్ధాంతము. డెజార్గ్ సిద్ధాంతము చెల్లు తలమున, పాపస్ సిద్ధాంతము చెల్లుటయు, ఆ తలపు సంఖ్యల గుణకారమునకు వరుసతో పనిలేకుండుటయు ఒకటేయని 1899లో జర్మనుడగు హిల్బర్టు చూపెను.

మఱి, పెద్ద చిన్న తారతమ్యమును విడువకయే పాపస్ చెల్లని తలమును కట్టవచ్చునా? ఎంత చిన్న పొడవైనను పలుమాఱులు చేర్చినచో ఎంతటి పొడవునైనను మించునను ఆర్కిమిడీసు నియమమున్నంతవఱకు వీలుకాదు. హిల్బర్టు ఆ నియమమునే విడిచెను. త, స అను గుర్తులు గైకొని, త–స లబ్ధము స–త లబ్ధమునకు రెట్టింపని విధించి, వాని ఘాతముల శ్రేణులనే సంఖ్యలుగా గ్రహించెను. అందు త ధనసంఖ్యయే. అయినను ఎన్ని వేలమాఱులు కూడినను ఒకటిని చేరదు.

అట్టి సంఖ్యల పరిమాణము నెట్లు తెలియుట? శ్రేణిలో మొదటి పదపు ఘాతాంకములే దాని కొలత. గణితజ్ఞులు దీనిని వాల్యుయేషన్ అందురు. సంఖ్యలను గుణించినపుడు ఈ కొలతలు కూడబడును. కూడికకు వరుస లేదు; కావున లబ్ధములు వేఱైనను కొలత యొక్కటే. ఆ రెట్టింపు మొదటి పదపు గుణకమునందే దాగియుండును.