ఉచిత స్థలమున కట్టిన విద్యాశాల
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ప్రసంగ పాఠము)



ఆదిపర్వమునందలి ఏకలవ్యుని కథ అందఱు నెఱిగినదే. ద్రోణుని యొద్ద శిష్యత్వము దొరకక ఆతడు అడవికి మరలి, మట్టితో గురుని ప్రతిమ చేసికొని, దాని యెదుట విలువిద్య నభ్యసించెను. ఈ కథను గురుభక్తికి దృష్టాంతముగా చెప్పుట వాడుక. ఐనను, ఇందు మఱియొక విషయము కలదు. ఏకలవ్యునకు కొఱవడినది విల్లు గాదు, బుద్ధి గాదు, నేర్చుకొనుటకొక చోటు. దానిని ఆతడు చేతికందిన మట్టితో, కాసు ఖర్చు లేకుండ, తన యవసరమునకు సరిపడునట్లు తానే యేర్పఱచుకొనెను. నేడు అంతర్జాలమున ఉచితముగ లభించు సాధనములతో విద్యార్థులును ఉపాధ్యాయులును తమ కోర్సులకై కట్టుకొనుచున్న విద్యాస్థానములు ఈ జాతివే.

భారతము చదువగోరు ఒక గ్రామవాసిని తలచుకొనుడు. మూలగ్రంథపు పాత ముద్రణము ఇంటర్నెట్ ఆర్కైవునందు దొరకును. కఠినపదమునకు అర్థము కావలసిన ఆంధ్రభారతి వెబ్‌సైటులో అనేక నిఘంటువులను ఒక్కమాఱే వెదకవచ్చును. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో కవుల చరిత్రములు గలవు. పద్యము చదువు తీరు తెలియనిచో యూట్యూబునందు వినవచ్చును. సందేహము తీర్చు మిత్రులు ఒక వాట్సాపు గుంపులో నుందురు. తాను వ్రాసికొన్న టిప్పణములు గూగుల్ డాక్యుమెంటులో దాగియుండును. ఈ యాఱింటిని ఒక పుటపై వరుసగా అమర్చుకొనినచో అది ఆతని పాఠశాల. ప్రక్కయింటివాడు వ్యవసాయ డిప్లొమాకు చదువుచున్నచో ఆతని పుట వేఱుగా నుండును. ప్రతి పాఠకునకును తనకు తగిన గ్రంథ మందవలెనని రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన గ్రంథాలయ సూత్రములలో నొకటి చెప్పుచున్నది. ఇది దానికి దగ్గఱ చుట్టమే.

ఇట్టి యేర్పాటునకు పెద్ద పరీక్ష 2008 శరత్కాలమున కెనడా దేశమున జరిగెను. మానిటోబా విశ్వవిద్యాలయమున జార్జి సీమెన్స్, స్టీఫెన్ డౌన్స్ అను నిరువురు ఒక కోర్సు నడపిరి. రుసుము చెల్లించి చేరినవారు సుమారు 25 మంది. తలుపులు తెఱచి, రుసుము లేకుండ ఎవరైనను రావచ్చుననగా మఱి 2,200 పైచిలుకు చేరిరి. ఇంతమందిని ఒక గదిలో కూర్చుండబెట్టుట యసాధ్యము. అధ్యాపకులు ఆ ప్రయత్నమే చేయలేదు. ఎవరికి నచ్చిన చోట వారు వ్రాసికొనుడనిరి. కొందఱు తమ బ్లాగులందు వ్రాసిరి, కొందఱు మూడిల్ అను సాధనములో చర్చించిరి.

చెదరిన ఈ వ్రాతలన్నియు ఒకచోటికెట్లు వచ్చెను? ఆర్.ఎస్.ఎస్. అను పద్ధతి కలదు. ప్రతి సైటును తనలో క్రొత్తగా చేరిన వ్రాతల పట్టీని ఒక చిన్న ఫైలుగా పెట్టియుంచును. మఱియొక యంత్రము ఆ పట్టీలను వేళ తప్పక చూచి, క్రొత్తవానిని తెచ్చుకొనును. తాలూకా కచేరీకి గ్రామముల లెక్కలు చేరినట్లే, లెక్క యెవరి గ్రామమున వారిదే, సారాంశము మాత్ర మొకచోట. డౌన్స్ తాను వ్రాసికొన్న ప్రోగ్రాముతో వాని నేఱి, దినపత్రికవలె అందఱికిని ఈమెయిలులో పంపుచుండెను. తొలివారములలో ఈ ప్రవాహమున దారితప్పినవారు పెక్కురు. అన్నియు చదువనక్కఱ లేదు, కావలసినది యేఱుకొనుడని అధ్యాపకులు చెప్పవలసివచ్చెను. చిన్ననాటినుండి పాఠ్యపుస్తకము చివరిపుటవఱకు చదివినగాని తృప్తి చెందనివారికి ఇది కష్టమే.

ఇక లెక్కలు చూడవలసిన చోటు. ఉచితమనగా నేమి? పరుల భూమిలో వారి యనుమతితో పందిరి వేసికొనుటకు పట్టా లేదు, కౌలునామా లేదు. శివాయిజమా యనుటకును వీలులేదు, ఏలయన యజమాని రమ్మనియే పిలిచినాడు. ఆతడు పొమ్మన్ననాడు ఏ కాగితము చూపవలెను?

పొమ్మనుట జరిగినది. నింగ్ అను సంస్థ ఉచితముగ నిచ్చిన చోటులలో ఎందఱో ఉపాధ్యాయులు తరగతులు నడుపుకొనుచుండగా, 2010లో ఉచితము చాలించి రుసుము విధించెను. అందఱి ఆర్.ఎస్.ఎస్. పట్టీలను చదివి పెట్టుచుండిన గూగుల్ రీడరు 2013 జూలై 1న మూతవడెను. ఎవరి ముంగిలి వారు దిద్దుకొను ఐగూగుల్ పుట అదే సంవత్సరము నవంబరు 1న పోయెను. ఉపాధ్యాయులకు మిక్కిలి ప్రియమైన వికీస్పేసెస్ 2018లో మూసివేయబడెను. వీరిలో ఎవరును మోసగించిరనుటకు లేదు, చెప్పియే మూసిరి. కాని పిల్లలచేత వ్రాయించిన వ్యాసములు, వానిపై దిద్దిన గుర్తులు, ఏండ్ల శ్రమ, గడువులోపల మూటగట్టుకొననివారికి దక్కలేదు. ఏకలవ్యుని చదువునకును మొదట రుసుము లేదు. అడుగవలసినది పిదప అడిగిరి, అదియు బొటనవ్రేలు.

ఈ భయమునకు ఒక జవాబు ఆస్ట్రేలియానుండి వచ్చెను. మార్టిన్ డుగియామస్ అనునాతడు బాల్యమున పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారిలో పెరిగెను. అచట బడి దూరమగుటచే పిల్లలకు పాఠములు ఆ కాలమున రేడియోలో జరిగెడివి. దానికి స్కూల్ ఆఫ్ ది ఎయిర్ అని పేరు. పెద్దవాడై పెర్త్ నగరమున కర్టిన్ విశ్వవిద్యాలయములో, వెలయిచ్చి కొన్న ఒక పాఠ్యసాధనమును చూచుకొను పనిలో నుండెను. దానితో తృప్తి చెందక తానే యొకటి వ్రాసి, 2002 ఆగస్టులో మూడిల్ అను పేర మొదటి పూర్ణరూపము వెలువరించెను. దానిని లోకమునకు విడిచిన షరతు ముఖ్యము. ఎవరైనను తీసికొనవచ్చును, లోపలి వ్రాత చూడవచ్చును, మార్చవచ్చును, తమ యంత్రములోనే నడుపుకొనవచ్చును. కాబట్టి సంస్థ యొకటి మూతవడినను, తీసికొన్నవాని యింట మూడిల్ నడచుచునే యుండును. ఇది పట్టా భూమి వంటిది. ఐతే పట్టా భూమికి పూర్వము శిస్తుండినట్లే దీనికిని ఖర్చున్నది. సర్వరు అద్దె, కరెంటు, చెడినప్పుడు సరిచేయు మనిషి, ప్రతిదినము నకలు తీయు శ్రద్ధ. ఒక చిన్న గ్రామ గ్రంథాలయమునకు ఈ భారము మోయదగినదని చెప్పుట తొందరపాటగును. పదిమంది పాఠకులకై సర్వరు పెట్టుట, పావుసేరు పాలకు ఆవును కొనుట వంటిది.

నడిమి మార్గము కలదు. ఉచిత సాధనము వాడుకొనుటలో తప్పు లేదు. లోనికి వెళ్ళునపుడే బయటికి వచ్చు ద్వారము చూచుకొనవలెను. గూగుల్ రీడరు మూతవడినపుడు, తమ పట్టీలను ఓ.పి.ఎం.ఎల్. అను ఫైలుగా దింపుకొన్నవారు దానిని వేఱొక సాధనములో పెట్టి మఱునాడే చదువు సాగించిరి. దింపుకొననివారు ఏయే సైటులు చదివెడివారో గుర్తునకు తెచ్చుకొనుటకే కష్టపడవలసివచ్చెను. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వెబ్‌సైటు మూతవడినను, దాని గ్రంథము లనేకము అప్పటికే ఇంటర్నెట్ ఆర్కైవునకు నకలు చేయబడియుండుటచేతనే తెలుగు పాఠకులకు నేడును అందుచున్నవి. తాళపత్రములను కాచినదియు ఈ నకలు వ్రాయు అలవాటే గదా. చెద పట్టక ముందే మఱియొక ప్రతి లేవవలెను.

ఈ గ్రంథాలయమున పుస్తకము చేరిన దినముననే చేర్పు రిజిస్టరులో సంఖ్య వేయుదురు. ఇరువదియైదేండ్ల క్రిందటి మొదటి సంఖ్య నేడును చూపగలరు. కంప్యూటరు వద్ద చదువుకొను యువకుల కొఱకు అట్టిదే మఱియొక రిజిస్టరు తెఱచుట కష్టము కాదు. పాఠకుని పేరు, చదువు కోర్సు, వాడు సాధనముల చిరునామాలు, ఆ సాధనమునుండి వ్రాతలు దింపుకొను వీలు కలదో లేదో, చివరిసారి నకలు తీసిన తేది. సంకేతపదములు మాత్ర మందు వ్రాయరాదు. నెలకొకమాఱు, చందా పుస్తకము చూచు రోజుననే దీనినిగూడ చూచి, తేది పాతబడినవారిని పిలిచి ఆనాడే నకలు తీయింపవచ్చును. దీనికి కావలసినది ఒక పుస్తకము, ఒక పెన్‌డ్రైవు. పెన్‌డ్రైవును మాత్రము బీరువాలో పెట్టి తాళము వేయవలెను.