సఫర్ మాసం - పదమూడు దినాల భయం

సకల ప్రశంసలూ అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి శుభాలు వర్షించుగాక.

ధార్మిక సోదరులారా! ముహర్రం ముగిసి సఫర్ నెలవంక కనిపించింది. ఈ ఏడు, అనగా హిజ్రీ 1448లో, సఫర్ ఆషాఢంతో కలిసి వచ్చింది. పెద్దాపురమంతా మరిడమ్మ జాతర సందడిలో ఉన్నది. ఆషాఢమని హిందూ సోదరులు పెళ్ళిళ్ళు ఆపుకున్నారు. అది వారి సంప్రదాయం, దానిపై వ్యాఖ్యానించడం నా పని కాదు. కాని మన ఇళ్ళలోనూ నికాహ్‌లు ఆగిపోయాయి. కారణమడిగితే ‘తేరా తేజీ’ అంటున్నారు.

సఫర్ అనే మాటకు ఖాళీ కావడమని పండితులు అర్థం చెబుతారు. ముహర్రంలో యుద్ధం నిషిద్ధం. అది గడవగానే అరబ్బులు ఇళ్ళు ఖాళీచేసి పోరాటాలకూ ప్రయాణాలకూ బయలుదేరేవారు. అవసరమైతే ముహర్రం పవిత్రతను సఫర్‌కు జరుపుకునేవారు కూడా. ఈ కపటాన్ని తౌబా సూరా 37వ ఆయతు ఖండించింది. శకునాలు లేవని, గుడ్లగూబ వల్ల కీడు లేదని, సఫర్ అనేదీ లేదని దైవప్రవక్త (స) తేల్చిచెప్పిన విషయం హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖనంగా బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. ఇక్కడ సఫర్ అంటే ఒక ఉదర వ్యాధి అన్న పండితులూ ఉన్నారు. ఏ అర్థం తీసుకున్నా ఈ మాసానికి అశుభం అంటగట్టే ఆధారం దొరకదు.

ఈ ఆచారం మన ప్రాంతానికి కొత్తది కాదు. ఏలూరు వాసి జాఫర్ షరీఫ్ సమకూర్చగా హెర్‌క్లాట్స్ అనే వైద్యుడు 1832లో ఆంగ్లంలో వెలువరించిన ‘కానూన్-ఎ-ఇస్లాం’లో తేరా తేజీకి ఒక అధ్యాయమే ఉన్నది. మా అమ్మ కూడా పదమూడో రాత్రి మా తలాపున గుడ్లు, నూనె, మినుములు ఉంచి తెల్లవారగానే ఫకీరుకు ఇచ్చేది. దానం మంచిదే, ఏ రోజైనా చేయండి. కాని మన కీడు ఆ గుడ్డులోకి దిగి ఫకీరింటికి పోయిందని నమ్మడమేమిటి? ఆ ఫకీరుకు పిల్లలు లేరా?

ప్రవక్త (స) అస్వస్థతే ఇందుకు కారణమంటారు. వారి చివరి అస్వస్థత మొదలైంది హిజ్రీ 11 సఫర్ ఆఖరి దినాలలో అని చరిత్రకారులు వ్రాశారు. మొదటి పదమూడు దినాలకు దానితో సంబంధమేమి?

కొన్నేళ్ళ క్రితం గల్ఫ్ నుండి నెల సెలవుపై వచ్చిన ఒక యువకుడికి నికాహ్ కుదిరింది. సెలవంతా సఫర్‌లోనే పడింది. పెద్దలు ఒప్పుకోలేదు. అతడు తిరిగి వెళ్ళాడు. మళ్ళీ సెలవు దొరికేసరికి రెండేళ్ళు. ఈలోగా అమ్మాయి తండ్రి కన్నుమూశాడు. ఆనాడు పెద్దలు నన్ను అడిగారు. హదీసు నాకు తెలుసు. వారి మనసు నొచ్చుకుంటుందని “మీ ఇష్టం” అన్నాను. ఆ మాటకు అల్లాహ్ ఎదుట నేనే జవాబు చెప్పుకోవాలి. అందుకే ఈ రోజు మింబర్‌పై నుండి చెబుతున్నాను.

ఈ పదమూడు దినాలలోనే మన మస్జిదులో అసర్ నమాజు తరువాత ఒక నికాహ్ ఉన్నది. అమ్మాయి నానమ్మ ఇంకా భయపడుతూనే ఉన్నది. మీరందరూ వచ్చి ఆ జంటకు దుఆ చేయండి. ఆమె పక్కన కూర్చునేందుకు మీ ఇళ్ళలోని పెద్ద ఆడవాళ్ళను కూడా పంపండి.